కాగితం పూలకు రోజూ నీళ్లా?

కుండీలో కాగితం పూల మొక్కకు (బోగన్‌విలియాకు) రోజూ నీళ్లు పోయమని ఒక వ్యాసంలో రాశారు. నాకు అక్కడే పేచీ. కడియం నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకు రెండేళ్లు అలాగే పోశాను, పైగా నెలనెలా చిటికెడు యూరియా. ఆకులు ఏపుగా వచ్చాయి, పువ్వు ఒక్కటీ లేదు. మా అత్తయ్య చూసి "దాన్ని కాస్త ఎండనివ్వమ్మా" అంది. యూరియా మానేశాను. ఆకులు కొంచెం వాడేదాకా ఆగి, అప్పుడు కుండీ అడుగు నుంచి కారేలా పోశాను. ఆరు గంటలైనా ఎండ తగిలే పిట్టగోడ పక్కకు జరిపాను. నెలన్నరకి కొమ్మకొమ్మకీ గులాబీ రంగే! (రంగుగా కనిపించేవి నిజానికి ఆకులేనట, అసలు పువ్వు మధ్యలో తెల్లగా ఇంతే ఉంటుంది.) కుండీ మార్చేటప్పుడు వేళ్ల మట్టి విదల్చకండి, అలిగి కూర్చుంటుంది. మందారానికి మాత్రం ఈ వైద్యం వద్దు, మొగ్గలు రాల్చేస్తుంది.