హీటర్‌కి హారతి, ఆర్గన్‌కి శిక్ష

ఇంగ్లండులో ఏ పల్లె చర్చి కమిటీని కదిపినా ఒకటే గోడు: ఆదివారం ఆర్గన్, అదే గొట్టాల్లోకి గాలి పంపి పలికించే పెద్ద వాద్యం, శ్రుతి తప్పింది. మొన్న గురువారమే కదా ట్యూనర్ వచ్చి వెళ్ళింది? అందుకే ట్యూనర్‌ని మార్చాలట. ‘ఆడలేక మద్దెల ఓడు’ అనడం మనకూ తెలుసు గానీ, దాన్ని తీర్మానం చేసి మినిట్స్ బుక్కులో రాసుకునేది వాళ్ళే.

గురువారం చర్చిలో 8 డిగ్రీలు. ట్యూనర్ ఒక్కడి కోసం హీటరు వేస్తారా, గ్యాసు బిల్లు ఎవడిస్తాడు? కీబోర్డు దగ్గర ఒక మనిషిని కూర్చోబెట్టి, తను కోటుతోనే గొట్టాల మధ్యకి దూరి, ఒక్కో మెట్టూ నొక్కిస్తూ వింటాడు. రెండు గొట్టాల నాదం కలవనప్పుడు పుట్టే ఊగిసలాట, అదే ఇంటర్‌లో బట్టీపట్టిన విస్పందనాలు, నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఆగిపోవాలి. సరిగ్గా ఆగబోతుండగా పూలు సర్దే ఆవిడ వాక్యూమ్ క్లీనర్ ఆన్ చేస్తుంది. సారీ చెప్పి ఆపుతుంది. ఇతను మళ్ళీ చెవి పెడతాడు. ఈలోగా ఇంకొకావిడ బల్లలు జరుపుతుంది. ‘మీ పని మీరు కానివ్వండి, మేం అడ్డం రాంలే’ అని భరోసా ఇచ్చి, మొదటావిడ మళ్ళీ వాక్యూమ్ అందుకుంటుంది.

ఆదివారం పొద్దున్నే హీటరు ఫుల్లు. పదింటికి 18 డిగ్రీలు. డిగ్రీకి సుమారు 3 సెంట్ల (సెంటు అంటే స్వరాల మధ్య దూరానికి కొలత) చొప్పున, ఈల పద్ధతిలో మోగే ఫ్లూ గొట్టాలన్నీ 30 సెంట్లు పైకి పోతాయి. షడ్జమానికీ శుద్ధ రిషభానికీ ఉన్న దూరంలో మూడో వంతుకి దగ్గర. అన్నీ కలిసి పోతే పీడా లేదు. ట్రంపెట్, ఓబో లాంటి రీడ్ గొట్టాల శ్రుతి ఇత్తడి నాలుక చేతిలో ఉంటుంది, అవి కదలవు. ఊరంతా తిరునాళ్ళకి పోతే అరుగు మీద మిగిలిన ముసలాయనలా ట్రంపెట్ అక్కడే ఉంటుంది.

ఆ ఫ్లూ గొట్టాల శ్రుతి దించమని ట్యూనర్‌ని సతాయిస్తారు చూడండి, అక్కడ ఒళ్ళు మండుతుంది. చాలా పాత ఆర్గన్లలో గొట్టం అంచుని ఇత్తడి శంకువుతో తట్టి శ్రుతి చేస్తారు. సీసం, తగరం కలిపిన మెత్తటి లోహమది, ఎన్ని దెబ్బలని తింటుంది? అంచు చీలుతుంది. హీటరు పొడి వేడికి సౌండ్‌బోర్డు, అంటే గొట్టాలకి గాలి పంచే చెక్కపెట్టె, పగిలి, ఒక గదిలో గాలి పక్క గదిలోకి కారి, నొక్కని స్వరం మూలుగుతుంది. గాలితిత్తుల తోలు బిరుసెక్కుతుంది. నూరేళ్ళు పలికిన వాద్యాన్ని మీరు ఎండగట్టి చంపి, ‘పాతదైపోయింది, ఎలక్ట్రానిక్‌ది కొందాం’ అంటారా? సిగ్గులేదూ? 1644లో పార్లమెంటు ఆర్గన్లు పీకెయ్యమని ఆర్డినెన్సు తెచ్చింది. వాళ్ళు కనీసం పీకేస్తున్నామని చెప్పి పీకారు.

చెయ్యాల్సింది పెద్దేం లేదు. వేడి నిదానంగా పెంచాలి, గాలిలో తేమ 50-60 శాతం దగ్గర ఉండాలి, ఆదివారం ఉండే వేడిలోనే శ్రుతి చేయించాలి. కన్సోల్ (వాయించేవాడు కూర్చునే చోటు) దగ్గరున్న ట్యూనింగ్ పుస్తకంలో ‘ట్రంపెట్, మధ్య స్థాయి ఎఫ్ షార్ప్, పలకడం లేదు’ అని రాస్తే, నాలుక కింద ఇరుక్కున్న నలుసో చచ్చిన ఈగో ఐదు నిమిషాల్లో తీసేస్తాడు. తెరిచి చూడండి ఏముంటుందో: ‘పోయిన ఆదివారం అదోలా ఉంది.’