క్షయ‘కరణం’ గారి లెక్కలు

బోటనీ ల్యాబు గోడ మీది క్షయకరణ విభజన పటం గారికి,

అయ్యా! మన ఊళ్ళలో కరణాల పదవులు 1984లోనే రద్దయ్యాయి. పేరు మధ్యలో కరణాన్ని పెట్టుకున్న తమరు మాత్రం మేకుకి వేలాడుతూ ఇంకా దస్త్రం నడుపుతూనే ఉన్నారు. తమరిది అండాలూ శుక్రకణాల్లాంటివి తయారయ్యేటప్పుడు క్రోమోసోముల (డీఎన్ఏ పోగుల) సంఖ్యని సగం చేసే కణ విభజన. ఆ లెక్కలు ఒకసారి తిరగేద్దామని ఈ లేఖ.

ముందు కాలం లెక్క. వరసగా రెండు విభజనలకి నాలుగేసి చొప్పున ఎనిమిది దశలు, ఎనిమిది గడులు, ఒక్కోటి జానెడు. నిజానికి ప్రథమ దశ-1 ఒక్కటే కాలంలో సింహభాగం మింగేస్తుంది. లెప్టోటీన్, జైగోటీన్, పాకీటీన్, డిప్లోటీన్, డయాకైనసిస్ అని పిల్లలు జపం చేసే ఐదూ దానిలోవే. ఆడపిల్ల ఇంకా తల్లి కడుపులో ఉండగానే, అండాలుగా మారాల్సిన కణాలు డిప్లోటీన్‌కి చేరి ఆగిపోతాయి. ఒక కణం పన్నెండేళ్ళకి కదులుతుంది, ఇంకోటి నలభై దాటినా అక్కడే పడి ఉంటుంది. తీరా విడుదలయ్యాక మధ్యస్థ దశ-2లో మళ్ళీ ఆగి, శుక్రకణం వచ్చి తలుపు తడితేగాని కదలదు. ఇన్నేళ్ళ నిరీక్షణలో క్రోమాటిడ్లని (క్రోమోసోములోని జంట పోగుల్ని) కలిపి ఉంచే కోహెసిన్ అనే ప్రొటీను పట్టు సడలుతుంది. విడిపోవాల్సిన జత సరిగ్గా విడిపోక రెండూ ఒకే వైపు పోవచ్చు. తల్లి వయసుతో డౌన్ సిండ్రోమ్ అవకాశం పెరగడానికి ఒక ముఖ్య కారణం ఇదే. తమరి పటంలో డిప్లోటీన్‌కి అంగుళంన్నర.

పంపకం లెక్కా అంతే. చివరి గడిలో నాలుగు కణాలు, నాలుగూ అచ్చుగుద్దినట్టు ఒకే సైజు. మగజీవిలో సరే. ఆడజీవిలో సైటోప్లాజం దాదాపు మొత్తం ఒక్క వారసురాలికే రాసిచ్చి, మిగతావాటికి పోలార్ బాడీలని పేరుపెట్టి చేతులు దులిపేసుకుంటారు. ఇంత పెద్ద ఆస్తి తగాదా దస్త్రంలోకే ఎక్కలేదు.

పిల్లలకి మార్కులు పోయేది మాత్రం సంఖ్య దగ్గర. మనిషి కణంలో 46 క్రోమోసోములు, డీఎన్ఏ రెండు పాళ్ళు అనుకుందాం. విభజనకి ముందే, డీఎన్ఏకి నకలు తయారయ్యే ఎస్ దశలో, డీఎన్ఏ నాలుగు పాళ్ళవుతుంది. క్రోమోసోములు మాత్రం 46గానే ఉంటాయి, రెండేసి క్రోమాటిడ్లు ఇంకా సెంట్రోమియర్ అనే ముడి దగ్గర కలిసే ఉంటాయి గనక. మొదటి విభజన అయ్యాక కణానికి 23, రెండు పాళ్ళు. రెండోది అయ్యాక 23, ఒక పాలు. అంటే సంఖ్య సగమయ్యేది మొదటి విభజనలోనే. తమరేమో ఎస్ దశకి చోటివ్వకుండా ఏకంగా ఎక్స్ ఆకారాలతో మొదలెట్టారు. క్రోమోసోములు చెరో వైపు కదిలే చలన దశల్లో తేడా ఉంది: చలన దశ-1లో సెంట్రోమియర్ చీలదు, చలన దశ-2లో చీలుతుంది. సరిగ్గా ఆ తేడా కనపడాల్సిన చోట సిరా ముద్ద. రెండో విభజనలో ఏదో చీలడం చూసిన పిల్లాడు సంఖ్య అక్కడే తగ్గిందని రాసి వస్తాడు. ‘ఎన్ని సెంట్రోమియర్లో అన్నే క్రోమోసోములు’ అని ఓ మూల రాస్తే తమరి సొమ్మేం పోయేది?

పైగా గీసింది ఒక్కటంటే ఒక్క జత, ఎర్రదీ నీలందీ. ఒక్క జతతో స్వతంత్ర వ్యూహనం, అంటే ఒక జత పంపకానికి ఇంకో జతతో సంబంధం లేకపోవడం, ఎలా చూపిస్తారు? రెండు జతలుంటే కనీసం నాలుగు రకాల సంయోగబీజాలైనా (అండం, శుక్రకణం లాంటివి) కనపడేవి. మనిషికి 23 జతలు. జతలోని క్రోమోసోములు ముక్కలు మార్చుకునే వినిమయం ఊసెత్తకుండానే 83,88,608 రకాలు.

తమరి కాళ్ళ దగ్గరి బల్ల మీద ఇంకో తమాషా. పైన తమరిని చూసి, కింద ఉల్లి వేరు కొనలో క్షయకరణం కోసం వెతుకుతారు పిల్లలు. వేరు కొనలో ఉండేది క్రోమోసోముల సంఖ్య తగ్గని సమవిభజనే. తమరు కావాలంటే ఉల్లి పూగుత్తిలో విచ్చని మొగ్గలు కోయాలి. ఒక వంతు గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లం, మూడు వంతుల ఆల్కహాల్ కలిపిన ద్రావణంలో 24 గంటలు ఉంచి, కేసరాల పరాగకోశాలని ఎసిటోకార్మైన్ రంగు చుక్కలో నలిపి, తుక్కంతా తీసేసి, కవర్‌స్లిప్ వేసి, స్లైడుని స్పిరిట్ దీపం మీద గోరువెచ్చగా చేయాలి. మరిగిందో, రంగు ఎండి గాలి బుడగలు. తర్వాత బ్లాటింగ్ కాగితం కప్పి బొటనవేలితో నిటారుగా నొక్కాలి. కవర్‌స్లిప్ పక్కకి జరిగితే కణాలు చుట్టచుట్టుకుపోతాయి. మొగ్గ ముదిరితే కనపడేవి పుప్పొడి రేణువులే, మరీ లేతదైతే విభజన మొదలే కాదు. అందుకే ఒకే గుత్తిలోంచి నాలుగైదు సైజుల మొగ్గలు తీసుకోవడం మేలు. అదృష్టం బాగుంటే మధ్యస్థ దశ-1లో ఎనిమిది జతలు దొరుకుతాయి, ఉల్లికి 16 క్రోమోసోములు గనక. ఎర్రదీ నీలందీ అని రంగులుండవు, అన్నీ ముదురెరుపే. తమరిని నమ్ముకుని వచ్చినవాడు అక్కడే బిక్కమొహం వేస్తాడు.

ఇట్లు,
మైక్రోస్కోపు పక్షాన

తా.క.: తమరి అంత్య దశ-2 గడిని చెదలు సగం తినేశాయి. నాలుగు కణాల్లో ఇప్పుడు ఒకటే మిగిలింది. ఆడజీవి విషయంలో తమరి లెక్క మొదటిసారి సరిపోయింది.