గోడలో కేబుల్ పెట్టి పూత పూయించమనే సలహా తప్పు

విజయవాడ, గుంటూరుల్లో సొంత ఇల్లు కట్టుకుంటున్నవారి వాట్సాప్ బృందాల్లో ఒక సందేశం తిరుగుతోంది. "వైఫై ఉండగా గోడల్లో నెట్ కేబుళ్లు దండగ. తప్పదనుకుంటే మంచి కేబుల్ కొని గోడలో పెట్టి పూత పూయించండి, జీవితాంతం ఉంటుంది. వేరే పైపు ఎందుకు, కరెంటు పైపులోనే లాగించండి" అన్నది దాని సారాంశం.

చివరి మాట ప్రాణాల మీదికి తెచ్చేది కాబట్టి ముందు దాని సంగతి చూడాలి. మన ఇళ్లకు వచ్చే కరెంటు 230 వోల్టులు. నెట్ కేబుల్ తొడుగును ఆ వోల్టేజీ కోసం తయారు చేయరు. ఒకే పైపులో లాగేటప్పుడు కరెంటు తీగ తొడుగు గీసుకుపోతే ఆ విద్యుత్తు నెట్ కేబుల్ ద్వారా రౌటర్‌కూ, దాన్ని ముట్టుకున్న పిల్లవాడికీ చేరవచ్చు. నెట్‌కూ ఫోనుకూ వేరే పైపు, వేరే పెట్టె ఉండి తీరాలి.

ఇక "జీవితాంతం". గుంటూరు బ్రాడీపేటలోని మా ఇల్లు 1994లో కట్టారు. టెలిఫోను తీగను గోడలో గాడి కొట్టి పెట్టి, పైన సిమెంటు పూశారు. పదేళ్ల తర్వాత అదే తీగ మీద బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకుంటే మాటిమాటికీ ఆగిపోయేది. తీగ లోపల ఎక్కడ దెబ్బతిందో తెలియక హాలు గోడను మూడు చోట్ల పగలగొట్టించాం. రంగు కలవక గోడంతా మళ్లీ వేయించాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ తీగతోనే పని లేదు, ఇంటికి ఫైబర్ వచ్చింది. ఒక్క ఇంటి వయసులోనే రెండు తీగల టెలిఫోను, నెట్ కేబుల్ రకాలైన క్యాట్ 5ఈ, క్యాట్ 6, ఆపైన ఫైబర్ అన్నీ వచ్చాయి. ఎంత మంచి కేబుల్ కొన్నా రేపు వచ్చేదానికి చోటు కావాలి. పైపు ఉంటే పాతది లాగేసి కొత్తది ఎక్కించడం ఒక పూట పని.

వైఫై చాలన్నది సగం నిజమే. రెండు గదుల ఫ్లాటుకు చాలు. కింద హాల్లో రౌటరు పెట్టి మేడమీద గదిలో పిల్లల ఆన్‌లైన్ తరగతి నడపాలంటే మధ్యలో ఇనుప చువ్వల స్లాబూ, తొమ్మిదంగుళాల ఇటుక గోడలూ ఉంటాయి. వేగమిచ్చే 5 గిగాహెర్ట్జ్ సంకేతం వాటిని దాటేసరికి బాగా నీరసిస్తుంది. మేడమీద రెండో రౌటరు పెట్టినా, దాని దాకా కేబుల్ వస్తేనే పూర్తి వేగం అందుతుంది. క్యాట్ 6 కేబుల్ 100 మీటర్ల దాకా సెకనుకు ఒక గిగాబిట్ మోస్తుంది.

ఖర్చు మాటకొస్తే, కరెంటు పైపుల కోసం ఎలాగూ గాడి కొడతారు, అప్పుడే మరో పైపు వేయించడం పెద్ద భారం కాదు. 25 మిల్లీమీటర్ల పైపులో మూడు నాలుగు కేబుళ్లు సులువుగా సాగుతాయి. మూల తిరిగేచోట ఇరుకు ఎల్బో కాక పొడవైన బెండు వేయించండి. రెండు బెండ్లు దాటితే మధ్యలో జంక్షన్ పెట్టె ఉండాలి, లేకపోతే కేబుల్ కదలదు. తర్వాత కేబుల్ లాగడానికి ఖాళీ పైపులో గట్టి నైలాన్ తాడు వదిలి రెండు కొసలూ పెట్టెల్లో కట్టించండి. పైపు ఎక్కడుందో తర్వాత తెలిసేలా, పూత పడేముందు ప్రతి గోడ పక్కనా కొలత టేపు పెట్టి ఫోటో తీసుకోండి.