పొమ్మన్న మాట ఎవరికి వినిపించింది?

ఇందిరా పార్కు దగ్గరో, ఏదైనా కలెక్టరేట్ గేటు ముందో ధర్నా చూసే ఉంటారు. నినాదాలు, డప్పులు, వెనక ఇరుక్కుపోయిన ఆర్టీసీ బస్సు హారను. ఆ గోలలో ఎస్‌ఐ చేతిమైకు పట్టుకుని ఏదో అంటాడు. ముందు వరసకు సగం తెలుస్తుంది, వెనకవాళ్లకు మైకు కీచుమన్నదే వినిపిస్తుంది. మర్నాడు ఎఫ్‌ఐఆర్‌లో మాత్రం 'పలుమార్లు హెచ్చరించినా చెదిరిపోలేదు' అని ఉంటుంది.

కేసంతా ఆ ఒక్క ముక్క మీదే. భారతీయ న్యాయ సంహిత 189(3) కింద, చెదిరిపొమ్మన్నారని తెలిసీ చట్టవిరుద్ధ సమూహంలో ఉండిపోతే రెండేళ్ల దాకా జైలు. గుంపు చట్టవిరుద్ధం కాకపోయినా, శాంతికి భంగం వచ్చేలా ఉందని పొమ్మన్నాక కదలకపోతే 189(5) కింద ఆరు నెలల దాకా. పాత ఐపీసీ 145, 151 ఇవే. 2024 జులై 1న నంబర్లు మార్చి వలస పాలన వాసన వదిలిందన్నారు. సరుకు 1860 నాటిదే.

189(3)లో ఒక మాట ఉంది: ఆదేశం 'చట్టం నిర్దేశించిన పద్ధతిలో' ఇచ్చి ఉండాలట. ఏమిటా పద్ధతి? పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్ష సంహిత 148 తిరగేయండి. ఎవరు ఆదేశించవచ్చో ఉంది: ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్, స్టేషన్ ఇన్‌ఛార్జి, ఆయన లేకపోతే ఎస్‌ఐకి తగ్గని అధికారి. ఎన్నిసార్లు చెప్పాలి, ఎంత టైమివ్వాలి, ఏ దారిన పొమ్మనాలి? ఒక్క అక్షరం లేదు.

అదే తెల్లదొర తన ఊళ్లో ఏం చేసుకున్నాడు? 1715లో అమల్లోకి వచ్చిన రయట్ యాక్ట్, అంటే అల్లర్ల చట్టం, దయగలదేమీ కాదు, శిక్ష ఉరే. అయినా పన్నెండు మంది, లేదా అంతకు మించి చేరి అల్లరి చేస్తుంటే ప్రకటన గట్టిగా చదవాలి, ఆపైన గంట గడవాలి. ఆ గంట మన దాకా ఓడెక్కలేదు. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో డయ్యర్ పొమ్మని ఒక్కమాటైనా అనకుండా 1,650 తూటాలు కాల్పించాడు. పొమ్మన్నా, పోవడానికి ఉన్నవి ఇరుకు సందులు.

రాళ్లు పడుతుంటే గడియారం చూస్తూ కూర్చోమంటారా అని పోలీసులు అడుగుతారు. న్యాయమే. బస్సు తగలబెడుతున్నవాడికి గంట ఇవ్వమని ఎవరూ అనరు, వాడికి వేరే సెక్షన్లు బోలెడున్నాయి. హెచ్చరిక ఎలా చెయ్యాలో పోలీసు మాన్యువళ్లలో ఉందిగా అనేవాళ్లూ ఉన్నారు. ఉంటే చట్టంలోకి ఎక్కించడానికి ఏం అడ్డం?

2011 జూన్ 4 అర్ధరాత్రి ఢిల్లీ రామ్‌లీలా మైదానంలో నిద్రపోతున్న జనం మీదికి పోలీసులు వెళ్లారు. తగిన ఆధారం లేకుండా నిద్రపోయేవాళ్లను చట్టవిరుద్ధ సమూహం అనలేమని సుప్రీంకోర్టు 2012లో చెప్పాల్సి వచ్చింది. అది చదివిన తర్వాత కూడా కొత్త చట్టం రాసినవాళ్ల కలం 148 దగ్గర ఆగలేదు.

టెక్నాలజీ తెలియకనా? అదే సురక్ష సంహిత 105 ప్రకారం ఇంట్లో సోదా చేస్తే ఆడియో, వీడియో తీయాలి, సెల్‌ఫోన్‌తో తీసినా సరే. బీరువా తెరిచేటప్పుడు తిరగాల్సిన కెమెరా, వెయ్యిమందిని పొమ్మనేటప్పుడు జేబులోనే ఉండొచ్చు.