తొమ్మిదో నంబరు పొట్లం మహాత్మ్యం

మూలికల మందుకు దుష్ప్రభావాలు ఉండవన్న పరమసత్యాన్ని మన దేశంలో ఇంకా కొందరు శంకిస్తూనే ఉన్నారు కాబట్టి, వారి నోళ్లు మూయించడానికి ఇటీవల జపాన్‌ను సాక్షిగా పిలవడం మొదలైంది. పెళ్లి భోజనాల బంతిలోనైనా, అపార్ట్‌మెంటు లిఫ్టులోనైనా లివర్ మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు గొంతు సవరించుకుని, "జపాన్‌లో పెద్ద చదువులు చదివిన డాక్టర్లే మూలికల పొడి రాస్తారండీ, దానికి ఇన్సూరెన్సు కూడా వర్తిస్తుందట, సైడ్ ఎఫెక్టులు సున్నా" అని సెలవిస్తారు. ఈ వాక్యంలో మొదటి రెండు ముక్కలూ నిజమే. ఆ రెండు నిజాల చాటున మూడోది చల్లగా జొరబడుతుంది. బుల్లెట్ రైలు నడిపేవాళ్లు పొరపడతారా అన్నదే ఇందులోని తర్కశాస్త్రమంతా.

జపాన్ మీద ఇంత భక్తి ఉన్నప్పుడు అక్కడి మందుల చరిత్రను కూడా ఒకసారి పారాయణ చేయడం మన ధర్మం. పారాయణకు షో-సైకో-తో అనే యోగాన్ని, అంటే మూలికల మిశ్రమాన్ని, మించిన కథానాయకుడు దొరకడు.

కాంపో అని పిలిచే ఈ జపాన్ సంప్రదాయ వైద్యానికి మూలాలు చైనాలో ఉన్నాయి. హాన్ రాజవంశం కూలిపోతున్న రోజుల్లో, క్రీ.శ. 200 ప్రాంతంలో, జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు జ్వరాల మీద రాసిన గ్రంథంలో ఈ యోగం కనిపిస్తుంది. ఇప్పటి రోజువారీ మోతాదు లెక్కన బుప్లూరమ్ వేరు 7 గ్రాములు, పినెల్లియా దుంప 5, స్కుటెల్లేరియా వేరు 3, ఎండు రేగుపండు 3, జిన్‌సెంగ్ 3, అతిమధురం 2, అల్లం 1 గ్రాము. వచ్చిన జ్వరం కొన్నాళ్లయినా వదలక, కాసేపు చలిగా కాసేపు వేడిగా పీడిస్తూ, నోరు చేదెక్కి, అన్నం సహించక, పక్కటెముకల కింద బిగబట్టినట్టుంటే ఈ కషాయం కాచి ఇమ్మన్నాడాయన. లివర్ ఎంజైముల మాట ఆయన ఎత్తలేదు. ఏళ్ల తరబడి పూటపూటకూ తాగమని ఎక్కడా అనలేదు. పాపం, ఆ పెద్దమనిషిని ఈ కేసులో ముద్దాయిగా చేర్చడానికి ఆధారాలు లేవు.

1976లో జపాన్ ప్రభుత్వం కాంపో మందులను పెద్దయెత్తున ఆరోగ్య బీమా జాబితాలో చేర్చింది. కొత్త మందు ఏదైనా బజారులోకి రావాలంటే మనుషుల మీద పరీక్షలు జరిపి రుజువు చూపించాలి. వీటికి మాత్రం వయసే రుజువైంది. పద్దెనిమిది వందల ఏళ్ల సీనియారిటీ ఉన్న ఉద్యోగిని ఇంటర్వ్యూకు పిలవడం ఏ ఆఫీసులోనైనా మర్యాద కాదు కదా. కషాయాన్ని ఎండబెట్టి, గోధుమరంగు గుళికలుగా మార్చి, పూటకు 2.5 గ్రాముల చొప్పున పొట్లాల్లో నింపి, పొట్లం మీద నంబరు వేశారు. త్సుమురా కంపెనీ లెక్కలో షో-సైకో-తోది 9వ నంబరు. బీమా ఒప్పుకున్న ఉపయోగాల్లో "దీర్ఘకాలిక హెపటైటిస్‌లో (లివర్ వాపులో) లివర్ పనితీరు మెరుగుపరచడం" కూడా చేరింది. అప్పటికి జపాన్‌లో హెపటైటిస్ రోగులకు కొదవ లేదు. వారిలో కొందరి జబ్బుకు కారణమేమిటో కూడా తెలియదు, హెపటైటిస్ సి వైరస్‌ను గుర్తించిందే 1989లో.

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన దృశ్యం ఒకటి ఉంది, చదువరులు ఓపిక పట్టాలి. కాంపో శాస్త్రం ప్రకారం మందు రోగం పేరు చూసి ఇచ్చేది కాదు, రోగి తీరు చూసి ఇచ్చేది. వైద్యుడు రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు చాపించి, పక్కటెముకల అంచు కింద వేళ్లతో నొక్కి, అక్కడి బిగువును పరీక్షించాలి, నాలుక మీది పూత చూడాలి, నాడి పట్టాలి, నోరు చేదుగా ఉందా, ఆకలి ఎలా ఉంది అని అడగాలి. ఇద్దరిదీ ఒకే జబ్బయినా ఇద్దరికీ ఒకే కషాయం కుదరకపోవచ్చు. శాస్త్రం అంత గొప్పది. ఇప్పుడు 1990ల నాటి ఒక లివర్ క్లినిక్‌ను ఊహించుకోండి. వరండా నిండా జనం. లోపల రోగి చొక్కా బొత్తాలు విప్పబోతాడు. డాక్టరుగారు తల ఎత్తకుండానే వద్దంటారు, రక్తపరీక్ష కాగితం చాలంటారు. ఏ.ఎల్.టి., అంటే లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము, ఎక్కువగా ఉందా, 9వ నంబరు. కొంచెమే ఎక్కువగా ఉందా, 9వ నంబరు. తగ్గిందా, పనిచేస్తోందన్నమాట, 9వ నంబరే కొనసాగించాలి. తగ్గలేదా, మూలికలు నిదానంగా పనిచేస్తాయి, 9వ నంబరే కొనసాగించాలి. జపాన్ హాస్యకథకులు తరతరాలుగా ఒక వైద్యుడి కథ చెబుతారు: తలనొప్పి వచ్చినవాడికీ, కడుపునొప్పి వచ్చినవాడికీ కక్కోన్‌తో అనే ఒకే కషాయం ఇస్తాడు, చివరికి రోగికి తోడు వచ్చినవాణ్ని చూసి, ఊరికే కూర్చుంటే విసుగేస్తుంది, మీరూ కాస్త కక్కోన్‌తో పుచ్చుకోండి అంటాడు. ఆ వైద్యుడు గతించాడని వాళ్లు అనుకుంటున్నారు గాని, తెల్లకోటు తొడుక్కుని, ఆసుపత్రిలో చేరి, మందు నంబరు మార్చుకున్నాడు, అంతే. ఈసారి అతని సంతకానికి బీమా డబ్బులు కూడా వస్తున్నాయి.

రుజువులేమీ లేవని కాదు. 1995లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో సిర్రోసిస్ (లివర్ గట్టిపడి మచ్చలుపడే జబ్బు) ఉన్న 260 మందిని రెండు జట్లుగా చేసి ఐదేళ్లపాటు గమనించారు. ఈ మందు వాడినవారిలో లివర్ క్యాన్సర్ తక్కువగా కనిపించింది, హెపటైటిస్ బి లేనివారిలో ఆ తేడా స్పష్టంగా తేలింది. మంచి ప్రయత్నమే. అయితే మరికొన్నేళ్లకు అదే సిర్రోసిస్ రోగులకు ఈ మందు ఇవ్వనే కూడదని ప్రభుత్వం నిషేధం పెట్టింది.

ఎందుకంటే ఊపిరితిత్తులు మధ్యలో దూరాయి. షో-సైకో-తో వాడిన రోగిలో ఇంటర్‌స్టిషియల్ న్యుమోనియా, అంటే గాలి గదుల మధ్య గోడలు వాచి ఊపిరి అందకుండా చేసే జబ్బు, వచ్చిందని 1989లోనే నివేదిక వెలువడింది. హెపటైటిస్‌కు ఇచ్చే ఇంటర్‌ఫెరాన్ అనే ఇంజెక్షన్‌తో కలిపి వాడితే ప్రమాదమని 1994 జనవరిలో ఆ జోడీని నిషేధించారు. 1996 మార్చిలో ప్రభుత్వం అత్యవసర భద్రతా సమాచారం వెలువరించింది. జపాన్‌లో దాన్ని పసుపు కాగితం మీద అచ్చు వేస్తారు. 1994 నుంచి లెక్కకు వచ్చినవే 88 కేసులు, అందులో 10 మరణాలు.

పది మంది. ఏడేళ్ల ముందే హెచ్చరిక అందింది. అయినా "మూలికలు కదా" అన్న ఒక్క మాట డాక్టరు కలాన్నీ, రోగి అనుమానాన్నీ, అధికారి బాధ్యతనూ ఒకేసారి నిద్రపుచ్చింది. పొడి దగ్గు, జ్వరం, ఆయాసం మొదలైనప్పుడు మందు ఆపి ఎక్స్‌రే తీస్తే బయటపడే అవకాశం ఉన్న మనిషికి, అది మందు వల్ల రావచ్చని ముందుగా ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది. దుష్ప్రభావం ఉండదని నమ్మించినవాడు ఆ దగ్గును గుర్తుపట్టే హక్కును రోగి నుంచి లాక్కున్నాడు. దీన్ని అమాయకత్వం అనడానికి నాకు నోరు రావడం లేదు. బిళ్లతో జరిగితే నేరం, పొట్లంతో జరిగితే దురదృష్టం అనేవాళ్లతో నాకు మాటలు లేవు.

ఇక ఫలశ్రుతి. ప్రతి మహాత్మ్యానికీ ఉన్నట్టే ఈ పొట్లానికీ ఫలశ్రుతి ఉంది, దాన్ని మందుతో వచ్చే సమాచార పత్రం అంటారు. దాని పైభాగంలో, ఈ మందు వల్ల ఇంటర్‌స్టిషియల్ న్యుమోనియా వచ్చి ప్రాణం పోవచ్చన్న హెచ్చరిక ఉంటుంది. కాస్త కిందికి దిగితే ఏయే జబ్బులకు వాడవచ్చో ఉంటుంది: జ్వరాలు, న్యుమోనియా, బ్రాంకైటిస్, ఆస్తమా, జలుబు. రెండు న్యుమోనియాలూ ఒకటి కావు, నాకు తెలుసు. రెండూ ఒకే కాగితం మీద పొరుగిళ్లలో కాపురం ఉంటున్నాయని మాత్రం మనవి చేస్తున్నాను. దగ్గుతున్న ఇంటాయన ఆ కాగితాన్ని పైనుంచి చదవాలా, కిందినుంచి చదవాలా అన్నది శాస్త్రజ్ఞులు తేల్చాలి.

దీనికి భక్తుల దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది: రోగి తీరు చూడకుండా రోగం పేరుకు మందు ఇచ్చారు, తప్పు వైద్యుడిది, మూలికది కాదు. ఇందులో కొంత నిజం లేకపోలేదు, గ్రంథంలో ఉన్న పద్ధతిని ఆ క్లినిక్కులు గాలికి వదిలేశాయి. కాని రోగం తగ్గినప్పుడు ఈ మినహాయింపు ఎవరూ అడగరు. అప్పుడు రోగి తీరు చూశారా లేదా అన్న ప్రశ్నే రాదు, ఘనతంతా పద్దెనిమిది వందల ఏళ్ల సంప్రదాయానికే. పైగా ఊపిరితిత్తులను దెబ్బతీసేది స్కుటెల్లేరియా వేరేనన్న అనుమానం ఉండనే ఉంది. అతిమధురం సంగతి అనుమానం కూడా కాదు, ఎక్కువైతే పొటాషియం పడిపోయి రక్తపోటు పెరుగుతుంది, కండరాలు చచ్చుబడతాయి. ఆ వేరుకు రోగి తీరు ఏమిటో ఎవరైనా చెప్పారా?

ఇదంతా కాంపో మీద కక్షతో రాస్తున్నానని అనుకోవద్దు. అల్లం, జిన్‌సెంగ్, సన్షో మిరియం కలిపిన దాయ్-కెంచు-తో అనే యోగాన్ని పొట్ట ఆపరేషన్ తర్వాత పేగులు కదలడానికి జపాన్ సర్జన్లు వాడతారు, దాన్ని పక్కాగా పరీక్షల్లో కూడా పెట్టి చూశారు. మందును మందులా చూడడం అంటే అది. పూజగదిలో పెట్టి హారతి ఇవ్వడం కాదు.

మనకు జపాన్ దాకా వెళ్లే అవసరం కూడా లేదు. కోవిడ్ రోజుల్లో ఇంటింటా తిప్పతీగ కషాయం మరిగింది. తిప్పతీగ వాడినవారిలో లివర్ దెబ్బతిన్న ఆరు కేసులను ముంబై డాక్టర్లు 2021లో ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ వెంటనే ప్రకటన ఇచ్చింది, అది అసలు తిప్పతీగో కాదో డాక్టర్లు సరిగా గుర్తించలేదని. ఇంటి గోడ మీద పాకే తీగ ఏదో తేల్చడం వైద్యులకే సాధ్యం కాకపోతే, దాన్ని కోసి కాచుకుని తాగమని వాట్సాప్‌లో పంపిన మామయ్యగారికి ఎలా సాధ్యమైందో మంత్రిత్వ శాఖ ఇంతవరకు ఏ ప్రకటనలోనూ వివరించలేదు.