సవరణ: రెగీ వైట్ శాక్‌ల లెక్క

అమెరికన్ ఫుట్‌బాల్ డిఫెండర్ రెగీ వైట్ గురించిన మా వ్యాసంలో, ఆ ఆట ప్రధాన లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అత్యధిక శాక్‌ల రికార్డు ఇప్పటికీ ఆయనదేనని రాశాం. శాక్ అంటే ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌ను (బంతి విసిరే ఆటగాణ్ని) బంతి విసిరేలోపే, ఆట మొదలైన గీత వెనకాల పడగొట్టడం. అది తప్పు. 2000 సీజన్ తర్వాత ఆయన ఆట మానేనాటికి 198 శాక్‌లతో ముందున్న మాట నిజమే. కానీ 2003లో మరో డిఫెండర్ బ్రూస్ స్మిత్ ఆయన్ని దాటి, 200 దగ్గర ఆగాడు.

ఆ 198 ఇలా వచ్చాయి: ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు 124, గ్రీన్ బే ప్యాకర్స్‌కు 68.5, చివరి ఏడాది కరోలినా పాంథర్స్‌కు 5.5. అర శాక్ అచ్చుతప్పు కాదు. క్వార్టర్‌బ్యాక్‌ను ఇద్దరు కలిసి పడగొడితే చెరి సగం రాస్తారు.

ఇంకో పొరపాటు: మెంఫిస్ షోబోట్స్ జట్టు తరఫున ఆయన తీసిన శాక్‌లనూ ఎన్‌ఎఫ్‌ఎల్ లెక్కలో కలిపేశాం. ఆ జట్టు ఆడింది యూఎస్‌ఎఫ్‌ఎల్‌లో, అది వేరే లీగ్. ఎన్‌ఎఫ్‌ఎల్ ఖాతాలో చేరదు. ఈ రెండు లెక్కలూ కలిపి చెప్పడం అభిమానులకు బాగా అలవాటు, మేమూ అందులో పడ్డాం.

1987లో 21 శాక్‌లన్న అంకె సరైనదే. అయితే అవి 12 ఆటల్లోనే వచ్చాయి. ఆటగాళ్ల సమ్మె వల్ల ఆ ఏడాది ఆయన ఆడినవి అన్నే. అసలు గొప్ప అక్కడుంది, దాన్నే వదిలేశాం.