ఆ 40 నిమిషాల ఫోన్ గురించి గొప్పలు ఇక చాలు

మొన్న ఆదివారం చర్చిలో మీటింగ్ అయ్యాక వరండాలో నిలబడి ఉంటే, 1990ల్లో మిషన్ చేసొచ్చిన పెద్దాయన ఒకరు మొదలెట్టారు. "మా రోజుల్లో ఇంటికి ఫోనంటే ఏడాదికి రెండే రెండు. క్రిస్మస్‌కి ఒకటి, మదర్స్ డేకి ఒకటి. ఇప్పటి పిల్లలు వారం వారం వీడియో కాల్ చేసుకుంటున్నారు. ఇది మిషనా, హాస్టలా?" చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. నేనూ ఊపాను. ఇంటికొచ్చాక నా మీద నాకే చిరాకేసింది. అందుకే ఈ పోస్టు.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. మమ్మల్ని జనం మోర్మన్లు అంటారు. అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. పూర్తి పేరే వాడమని 2018లో మా సంఘం అప్పటి అధ్యక్షుడు నెల్సన్ గారు గట్టిగానే చెప్పారు. కానీ ఆటోవాడికి అంత పేరు చెప్పేలోపు వాడు ఇంకో బేరం ఎక్కించుకుని వెళ్ళిపోతాడు. మగపిల్లలైతే 18 నిండాక రెండేళ్ళు మిషన్‌కి, అంటే ఇల్లు వదిలి సువార్త చెప్పడానికి, వెళ్తారు. ఎప్పుడూ ఇద్దరిద్దరే, ఒంటరిగా బయటికెళ్ళడం ఉండదు. ఆ రెండోవాణ్ణి కంపానియన్ అంటాం. తెల్ల చొక్కా, టై, జేబు దగ్గర నల్ల నేమ్ ట్యాగ్. సొంత పేరు పోయి 'ఎల్డర్' వస్తుంది. మీసాలు కూడా సరిగ్గా రాని వాణ్ణి పట్టుకుని పెద్దవాడా అని పిలిచినట్టు.

నేను వెళ్ళింది 2016 అక్టోబరులో, ఢిల్లీకి. రెండు నెలలు తిరక్కుండానే క్రిస్మస్ వచ్చిపడింది.

రాజమండ్రిలో క్రిస్మస్ అంటే నాకు రాత్రిపూట జరిగే పండగ. మా నాన్నమ్మ వాళ్ళది లూథరన్ గుడి. డిసెంబరు వచ్చిందంటే ఇంటి మీద నక్షత్రం, డోలక్కు, కంజిర, వీధి వీధికీ కేరల్స్. ఒక్కో ఇంట్లో కేకు ముక్క, ఇంకో ఇంట్లో పులిహోర, అన్ని ఇళ్ళలోనూ టీ. (టీ మాకు నిషేధం, కాబట్టి నా గ్లాసు పక్కవాడికి. పక్కవాడు ఆ సీజన్‌లో నాకు మహా స్నేహితుడు.) ఇంటికి చేరేసరికి తెల్లవారుజాము నాలుగు. గొంతు బొంగురుపోతే ఆ ఏడు క్రిస్మస్ బాగా జరిగినట్టు లెక్క.

అలాంటివాణ్ణి డిసెంబరు 24 రాత్రి పదిన్నరకి లైటార్పి పడుకున్నాను. రూలు అది. బయట ఢిల్లీ పొగమంచు, రెండు స్వెటర్లు వేసుకున్నా వణుకు, పక్క మంచం మీద అమెరికాలోని ఐడహో నుంచి వచ్చిన నా కంపానియన్ అప్పుడే గురక. ఈ టైముకి మా వాళ్ళు ఇంకా మొదటి వీధి కూడా దాటి ఉండరు అనుకుంటూ, వాళ్ళు పాడే వరసలోనే పాటలన్నీ మనసులో పాడుకుంటూ పడుకున్నాను. మూడో పాట దగ్గర ఆగిపోయాను.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే మా సంఘం మెంబర్ ఒకరి ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కంపానియన్ స్కైప్‌లో వాళ్ళింటికి మాట్లాడాడు. మనకి ఎనిమిదిన్నర అంటే వాళ్ళకి ఇంకా ముందురోజు రాత్రి ఎనిమిది. మీటింగ్ అయ్యాక మధ్యాహ్నం నా వంతు. 40 నిమిషాలు.

ఆ 40 నిమిషాల గురించే ఇప్పుడు జనం కథలు కథలుగా చెప్పుకుంటారు. నిజంగా ఏం జరిగిందో నేను చెప్తా. మొదటి ఎనిమిది నిమిషాలు "వినిపిస్తోందా? ఇప్పుడు వినిపిస్తోందా?" ఆ తర్వాత అమ్మ ఏడుపు. తర్వాత లైనుగా మావయ్యలు, అత్తయ్యలు, పక్కింటివాళ్ళు, ఒక్కొక్కరూ వచ్చి "వందనాలు అయ్యగారూ" అని ఎగతాళి. నాన్నమ్మ నా వెనకాల నిలబడ్డ తెల్ల కుర్రాడు అన్నం తింటాడా తినడా అని తేల్చుకోవడానికి ఐదు నిమిషాలు తీసుకుంది.

"ఎలా ఉన్నావురా?" అని నాన్న అడిగారు.

"బాగున్నా నాన్నా. చలే కొంచెం ఎక్కువ."

బాగాలేను. అప్పటికి మూడు వారాలుగా బాత్రూములో కుళాయి తిప్పి ఏడుస్తున్నాను. కానీ ఏడాదికి రెండుసార్లు మాట్లాడేచోట, అదీ పండగ పూట, పదిమంది ముందు, ఆ మాట ఎవడంటాడు?

అటువైపు నాన్న కొత్త చొక్కా మెడ దాకా గుండీలు పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నారు. పండగ కదా అనుకున్నాను. ఆయనకి అంతకు ముందే స్టెంటు వేశారని 2018లో ఇంటికొచ్చాక, ఫ్రిజ్ మీద మాత్రల డబ్బా చూసి అడిగితే తెలిసింది. "పండగ పూట నీకెందుకులే అని చెప్పలేదురా" అంది అమ్మ. నేనూ సరిగ్గా అదే అనుకుని చెప్పలేదు మరి.

ఆర్నెల్లకోసారి వచ్చే చుట్టానికి ఇంట్లో గొడవలు ఎవరూ చెప్పరు. కాఫీ, టిఫినూ, కబుర్లు, వెళ్ళొస్తాం. రెండేళ్ళలో నాలుగు ఫోన్లు, 160 నిమిషాలు, నేను మా ఇంటికి చుట్టాన్ని.

వారానికో ఈమెయిల్ ఉండేది కదా అంటారు. ఉండేది. అమ్మకి టైపింగ్ రాదు కాబట్టి నాన్న రాసేవారు. ఆయనవి టెలిగ్రాములు. "అందరం క్షేమం. ప్రార్థన చేస్తున్నాం."

ఇంటి ధ్యాస పడితే సేవ మీద మనసు నిలవదు అనే మాటలో కొంత నిజముంది, కాదనను. కానీ నేను కోలుకున్నది ఫోన్ లేకపోవడం వల్ల మాత్రం కాదు. అమ్మ పంపిన అరిసెలు 29న చేరాయి, డబ్బా నిండా పొడి. నేను డబ్బా పట్టుకుని కూర్చుంటే మా ఐడహోవాడు రెండు గిన్నెలు తెచ్చి, ఆ పొడి మీద పాలు పోసి, చెంచా వేసి నా ముందు పెట్టాడు. వాళ్ళూళ్ళో పొద్దున టిఫిన్ ఇలాగే ఉంటుందట. ఆ రాత్రే మొదటిసారి వాడికి నిజం చెప్పాను, బాగాలేదని. నాకూ అంతే అన్నాడు. వాడూ వాళ్ళమ్మకి చెప్పలేదు.

2017లో క్రిస్మస్ సోమవారం. 25 ఆదివారం పడకపోతే ఆ రోజు మాకు ఆరాధన ఉండదు. అది విని నాన్నమ్మ ఫోన్లో నిర్ఘాంతపోయింది. "క్రిస్మస్ రోజు గుడి లేదా? అదేం క్రిస్మస్ రా?" ఆ ఏడు 40 నిమిషాల్లో సగం ఆవిడకి సమాధానం చెప్పడానికే పోయాయి. ఈసారి కూడా "బాగున్నా" అనేశాను, అలవాటు కొద్దీ.

2019 ఫిబ్రవరి 15 నుంచి వారం వారం ఇంటికి మాట్లాడుకోవచ్చని సంఘమే రూలు మార్చింది. అప్పటికి నేనొచ్చి నాలుగు నెలలు. ఆ వార్త చదివి సంతోషించానని చెప్తే అబద్ధం. కుళ్ళుకున్నాను. మాకు లేనిది వీళ్ళకెందుకు? వరండాలో పెద్దాయన మాటల్లో నాకు వినిపించిందీ అదే, ఎందుకంటే నాలోనూ అదే ఉంది. దానికి 'త్యాగం' అని పేరు పెట్టి పిల్లల నెత్తిన రుద్దకండి, అంతే నేననేది. మీరు గట్టిపడ్డారేమో. నేనైతే అబద్ధం చెప్పడంలో గట్టిపడ్డాను.

మా పిన్ని కొడుకు ఇప్పుడు బెంగళూరు మిషన్‌లో ఉన్నాడు. వాడికిదే మొదటి క్రిస్మస్. పోయిన సోమవారం వాడు ఫోన్ చేసేసరికి నేను పిన్ని వాళ్ళింట్లోనే ఉన్నాను. పిన్ని ఫోన్‌ని ఉప్పు డబ్బాకి ఆనించి పెట్టి గులాబీ పువ్వులు వేస్తోంది. అటు వాడు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. "ఈ వారం అస్సలు బాగాలేదమ్మా" అన్నాడు, కాలరు మీద నీళ్ళు చల్లుతూ, ఏదో మామూలు మాటలా. "అన్నం తింటున్నావా?" అంది పిన్ని. "తింటున్నా, కానీ బాగాలేదు." "సరే, చెప్పు." వాడు కాసేపు చెప్పాడు. తర్వాత ఇద్దరూ ఏమీ మాట్లాడలేదు. పది నిమిషాలు ఉంటుందేమో. నూనె చిటపట, వాడి ఇస్త్రీపెట్టె చప్పుడు. అచ్చు నూనెలోంచి తీసి ఫోన్ ముందు పెట్టి, "చూడు, ఈసారి విరగలేదు" అంది పిన్ని.